ఇంజన్ ఆగితే ఏది మేలు: చిన్న ఔట్‌బోర్డా, తెరచాపా?

శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం వైపు ఫైబర్ బోటు కొనేవాళ్లంతా పెద్ద ఇంజన్ గురించే అడుగుతారు, అది నడిసముద్రంలో ఆగితే ఏం చెయ్యాలో ఎవరూ అడగరు. డబ్బులున్నవాళ్లు రెండున్నర హెచ్‌పీ పాత ఔట్‌బోర్డు, అంటే బోటు వెనక బయట బిగించే ఇంజన్, ఒకటి పడేసుకుంటారు, లేనివాళ్లు తెరచాపా తెడ్లూ పెట్టుకుంటారు. నేను రెండూ వాడాను.

చిన్న ఇంజన్‌ను ఒక్కడే ఎత్తి బిగించుకోవచ్చు, నీరు నిలకడగా ఉంటే మెల్లగానైనా ఒడ్డుకు చేరుస్తుంది. చిక్కంతా కెరటాల్లోనే. ఇవి ఎక్కువగా రబ్బరు బోట్లలాంటి వాటికి చేసినవి, నీళ్లలోకి దిగి ఫ్యానును తిప్పే షాఫ్ట్ 15 అంగుళాలే ఉంటుంది, మన బోటు వెనకభాగమేమో ఎత్తు. కెరటం మీద వెనక లేచినప్పుడల్లా ఫ్యాను నీళ్లలోంచి బయటికొచ్చి గీమని అరుస్తుంది, బోటు మాత్రం కదలదు. కొంటే 20 అంగుళాల షాఫ్ట్‌దే కొనండి. సొంత ట్యాంకులో పట్టేది లీటరు అటూ ఇటూ, ఫుల్లుగా తిప్పితే గంటకల్లా ఖాళీ.

పోయిన మాఘంలో తెల్లవారుజామున పెట్రోల్లో నీళ్లు చేరి మా పెద్ద ఇంజన్ ఆగింది. చిన్నదాని తాడు లాగి లాగి నా అరచెయ్యి బొబ్బలెక్కింది గానీ అది అందుకోలేదు, ఆర్నెల్లుగా నిలవున్న పెట్రోలు జిగురులా పట్టేసి కార్బురేటర్ జెట్టు, అంటే పెట్రోలు వచ్చే సన్న రంధ్రం, మూసుకుపోయింది. పోనీ చాప ఎత్తుదామంటే ఆ వేళ గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తోంది, అడుగు చదునుగా ఉన్న మన బోటు ఎదురుగాలికి ఎక్కదు. భయమేసింది. మావయ్య మాత్రం “ముందు లంగరెయ్యరా, ఆనక సూద్దాం” అన్నాడు. పది దాటాక గాలి ఒడ్డువైపు తిరిగింది. అప్పుడు చాప కట్టి, తెడ్డునే చుక్కానిగా పట్టుకుని వచ్చేశాం.

అందుకే ఒకటే పెట్టుకోగలిగితే చాపా తెడ్లే పెట్టుకోండి అంటాను, లంగరు ఎలాగూ ఉండాలి. వంశధార మొగలోంచి, అంటే ఏరు సముద్రంలో కలిసేచోటు నుంచి, వచ్చీపోయేవాళ్లకి ఈ మాట వర్తించదు. అక్కడ కెరటాలు విరుగుతుంటాయి, గాలి కాస్త సడలినా బోటు అడ్డం తిరుగుతుంది, తిరిగిందంటే బోల్తా. వాళ్లకి రెండో ఇంజన్ ఉండి తీరాలి.

తోటివాళ్ల బోటును పక్కన కట్టుకుని దాని ఇంజన్‌తో రావడం ఏట్లో బాగానే ఉంటుంది. కెరటాల్లో మాత్రం రెండూ గుద్దుకుని తాళ్లు తెగుతాయి, పొడుగు తాడేసి ముందుండి లాగించుకోవడమే నయం.

చిన్న ఇంజన్ ఉన్నవాళ్లు వారానికోసారి దాన్ని తిప్పండి, ఆపేటప్పుడు పెట్రోలు కాక్ కట్టేసి కార్బురేటర్లో ఉన్నది మండిపోయేదాకా వదిలెయ్యండి. లంగరు తాడు దగ్గర పిసినారితనం వద్దు, 8 బారల లోతు నీటికి 40 బారల తాడు ఉండాలి.