పెట్టె మీద స్కావెంజర్ హంట్, లోపలి కాగితంలో నిధి వేట

పిల్లల కోసం తెప్పించిన ఈ స్కావెంజర్ హంట్ (జాబితాలో ఉన్నవి వెతికి తెచ్చే ఆట) పెట్టెతో నెలన్నరగా ఆడుతున్నాం. ఆట బాగుంది, నిరభ్యంతరంగా కొనుక్కోవచ్చు. లోపల ఇచ్చిన తెలుగు కాగితాన్ని నమ్మి మొదలుపెడితే మాత్రం మొదటిరోజు మా ఇంట్లోలాగే ఏడుపులతో ముగుస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పెట్టెలో 60 కార్డులు, నాలుగు గుడ్డ సంచులు, ఒక ఇసుక గడియారం, పెన్సిళ్లు, ఆడే పద్ధతి అచ్చువేసిన కాగితం ఉన్నాయి. కార్డుల్లో 40 ఆకుపచ్చవి, 20 నీలంవి. కాగితం నాలుగైదు భాషల్లో ఉంది. తెలుగు భాగానికి పైన పెద్ద అక్షరాలతో ‘నిధి వేట’ అని శీర్షిక పెట్టారు. గొడవంతా అక్కడే మొదలైంది.

పదకొండేళ్ల మా మేనల్లుడు అది చదివి, “నిధి ఎక్కడ దాచావత్తా?” అన్నాడు. ఏమీ దాచలేదురా, ఇది దాచే ఆట కాదు అన్నాను. “మరి నిధి వేట అని రాశారుగా!” అన్నాడు. వాడన్నదాంట్లో తప్పేముంది?

నిధి వేట అంటే ట్రెజర్ హంట్. ఒకరు ముందే ఒక వస్తువు దాస్తారు. మొదటి ఆధారం విప్పితే రెండోది ఎక్కడుందో తెలుస్తుంది, రెండోది విప్పితే మూడోది. వరస తప్పకూడదు. చివరికి ఎవరు చేరితే వాళ్లదే నిధి. స్కావెంజర్ హంట్‌లో దాచడమే ఉండదు. చేతికి ఒక జాబితా ఇస్తారు. అందులోవన్నీ చుట్టుపక్కల ఎక్కడో ఉన్నవే. ఏది ముందు దొరికితే అది సంచిలో వేసుకోవడమే. గడువులోగా ఎక్కువ తెచ్చినవాళ్లు, లేదా జాబితా ముందు పూర్తి చేసినవాళ్లు గెలిచినట్టు. ఒకదాంట్లో ఆధారం విప్పాలి, ఇంకోదాంట్లో కళ్లు తెరిచి చూడాలి.

ఈ పెట్టెలో ఆకుపచ్చ కార్డులన్నీ జాబితా ఆటవి, నీలం కార్డులన్నీ ఆధారాల ఆటవి. కాగితంలో ఆ తేడా చెప్పకపోగా ‘అన్ని కార్డులూ కలిపి పంచండి’ అని రాశారు. నేనూ అలాగే పంచాను. మా పెద్దమ్మాయి నీలం కార్డు ఒకటి విప్పి తలుపు దగ్గరికి పరుగెత్తింది. అక్కడ ఉండాల్సిన తర్వాతి కార్డు లేదు. మా చిన్నాడి ఆకుపచ్చ జాబితాలో ‘చదవడానికి అక్షరాలున్నది’ అని ఉంటే, తలుపు వెనక కనబడ్డ ఆ కార్డునే వాడు సంచిలో వేసుకున్నాడు. వాడి ఆట ప్రకారం వాడిది న్యాయం, దాని ఆట ప్రకారం దానిది న్యాయం. ఇద్దరూ ఏడ్చారు. ఆ పూటకి పెట్టె మూసేశాను.

మర్నాడు ఆకుపచ్చ కార్డులు మాత్రమే తీశాను. అప్పుడు తెలిసింది ఈ పెట్టె విలువ. కార్డులు రాసినవాళ్లు పిల్లల్ని బాగా ఎరిగినవాళ్లు. ‘ఎర్ర బంతి తే’ లాంటివి ఒక్కటీ లేవు. ‘నీ గోరు కన్నా చిన్నది’, ‘ఊపితే చప్పుడు చేసేది’, ‘గుండ్రంగా ఉన్నా దొర్లనిది’, ‘ఒకప్పుడు బతికున్నది’. ఈ చివరి కార్డుకి పెద్దపిల్లలు ఎండుటాకులు, ఈక తెచ్చారు. ఆరేళ్ల మా మేనకోడలు ఎక్కడికీ వెళ్లలేదు. పెట్టెలోంచి పెన్సిల్ తీసి నా చేతిలో పెట్టింది. “ఇదేంటమ్మా?” అంటే, “చెట్టే కదత్తా” అంది. ఆ పెన్సిల్‌ని తిప్పి తిప్పి చూశాను. చెక్కిన చోట చెక్క నారలు కనబడుతున్నాయి. ఇన్నేళ్లుగా పెన్సిల్ పట్టుకుంటున్నా నాకెప్పుడూ అలా తట్టలేదు. రెండు పాయింట్లు ఇచ్చాను, ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఇంకో మంచి సంగతి, ఆకులూ పూలూ ఉన్న కార్డులన్నిటి మీదా ‘రాలినదే తేవాలి, కోయకూడదు’ అని ఉంది. తేవడం కుదరనివాటికి ఫొటో తీస్తే చాలు. మబ్బు, నీడ, నడుస్తున్న చీమ ఇలా ఫొటోల్లో దొరికినవే.

ఇక ఆ పేరు గురించి. స్కావెంజర్ అనగానే మనకు పాకీపనో, పీక్కుతినే రాబందులో గుర్తొస్తాయి. పిల్లల ఆటకి ఆ పేరేమిటని మా అమ్మ కూడా నొచ్చుకుంది. కానీ మాట పుట్టిల్లు వేరు. పాత లండన్‌లో బయటి వర్తకులు అమ్మకానికి తెచ్చిన సరుకు మీద ‘స్కావేజ్’ అనే సుంకం ఉండేది. దాన్ని వసూలు చేసే అధికారి స్కావేజర్. ఆ మాటకు మూలంలో ఉన్న అర్థం ‘చూడటం, తనిఖీ చేయడం’. ఇంగ్లీషు ‘షో’ కూడా దానికి చుట్టమే. తర్వాత వీధుల శుభ్రత బాధ్యత ఆ అధికారుల మీద పడింది, మాట అర్థం చెత్త వైపు జరిగింది. మధ్యలో నకారం తర్వాత వచ్చి చేరింది, మెసేజ్ నుంచి వచ్చిన మెసెంజర్‌లో చేరినట్టే. ఇది తెలిశాక అమ్మకి ఆ పేరు మీద కోపం పోయింది. చూడటమే కదా ఈ ఆటంతా!

విందుల్లో పెద్దవాళ్లు ఆడే ఆటగా దీన్ని 1930ల ప్రాంతంలో అమెరికాలో బాగా వాడుకలోకి తెచ్చినావిడ, గొప్ప విందులు ఏర్పాటు చేయడంలో పేరుపడ్డ ఎల్సా మాక్స్‌వెల్. షికాగో విశ్వవిద్యాలయంలో విద్యార్థులు 1987 నుంచి ఏటా ఆడుతున్నారు. అక్కడి జాబితాలో వందల కొద్దీ అంశాలుంటాయి. ఇంగ్లీషువాళ్లు ఈ పేరుని మామూలు మాటల్లోనూ వాడతారు. ఒక్క పనికి కావలసిన కాగితాలు పది చోట్ల తిరిగి పోగుచేయాల్సొస్తే అదీ స్కావెంజర్ హంటే. ఎక్కడ వాడినా ‘చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఏరి ఒకచోట చేర్చడం’ అన్న అర్థం పోదు. నిధి అన్న మాటలో ఆ అర్థం లేనే లేదు. అనువదించినవాళ్లు ‘ఏరుకొచ్చే ఆట’ అని ఉంటే సరిపోయేది. మా పిల్లలు రెండో రోజునుంచే అలా పిలుస్తున్నారు.

వస్తువుగా కొన్ని లోపాలున్నాయి. ఇసుక గడియారం మూడు నిమిషాలది, గదిలో సరే, ఆరుబయటకి చాలదు. మేం ఫోనులో ఇరవై నిమిషాలు పెట్టుకుంటున్నాం. ఒక సంచి కుట్టు రెండో వారానికే ఊడింది. కార్డులకి తడి తగిలితే అంచులు ఉబ్బుతున్నాయి. ఆరుబయట ఆడే ఆటకి పైపూత ఉన్న అట్ట వాడాల్సింది. వివాదం వస్తే ఎవరు తేల్చాలో కాగితంలో లేదు. ఒక పెద్దవాళ్లని న్యాయనిర్ణేతగా ముందే ఒప్పించి కూర్చోబెట్టండి.

ఆకుపచ్చ కార్డులకి 5కి 5 ఇస్తాను. నీలంవి విడిగా ఆడితే 3. తెలుగు కాగితానికి 1, అదీ అచ్చుతప్పులు లేనందుకు. తయారీదారుకి ఉత్తరం రాశాను, ఇంకా జవాబు రాలేదు. కొన్నవాళ్లు ముందు నీలం కార్డులు విడదీసి వేరే కవరులో పెట్టి, దానిమీద ‘నిధి వేట’ అని రాసుకోండి. ఆ తర్వాతే పిల్లల్ని పిలవండి.