ముందు గుమ్మానికే తాళం: నో రైట్ క్లిక్ ప్లగిన్ రివ్యూ

వర్డ్‌ప్రెస్‌లో సైటు నడుపుతూ రాసుకునేవాళ్లు, తమ రాతలను ఎవరో కాపీ చేసుకోవడం మొదలవగానే పెట్టుకునేది ‘డబ్ల్యూపీ కంటెంట్ కాపీ ప్రొటెక్షన్ అండ్ నో రైట్ క్లిక్’ లాంటి ప్లగిన్ (సైటుకు అదనంగా తగిలించుకునే ప్రోగ్రామ్). ఉచిత వెర్షన్ యాక్టివేట్ చేస్తే చాలు, రైట్ క్లిక్, టెక్స్ట్ సెలెక్షన్, కంట్రోల్ సీ (కాపీ), కంట్రోల్ యూ (పేజీ కోడ్ చూడడం) పనిచేయవు. హోమ్ పేజీకి, పోస్టులకు, పేజీలకు సెట్టింగు విడివిడిగా ఉంది. అంతవరకు చెప్పిన పని చేస్తుంది.

కానీ ఈ కాపలా అంతా చదివేవాళ్ల బ్రౌజర్లో నడిచే జావాస్క్రిప్ట్ అనే కోడూ, సెలెక్షన్ ఆపే సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) లైనూ మాత్రమే. మీ రాత అప్పటికే వాళ్ల దగ్గరికి చేరిపోయింది. ఫైర్‌ఫాక్స్‌లో షిఫ్ట్ నొక్కి రైట్ క్లిక్ చేస్తే మెనూ వచ్చేస్తుంది. ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌కిస్తే తెలుగు కూడా టెక్స్ట్‌గా చేతికొస్తుంది. ఇక బాట్లకు, అంటే సైట్ల నుంచి రాతలను వాటంతటవే లాగే ప్రోగ్రాములకు, మౌస్ అవసరమే లేదు. ఆర్ఎస్ఎస్ ఫీడ్ (కొత్త పోస్టులను ఇతర ప్రోగ్రాములకు అందించే జాబితా) నుంచో, వర్డ్‌ప్రెస్ రెస్ట్ ఏపీఐ (ప్రోగ్రాములు సైటులోని సమాచారాన్ని అడిగి తీసుకునే దారి) నుంచో పోస్టు మొత్తం లాగేస్తాయి. ‘కంటెంట్ ఈజ్ ప్రొటెక్టెడ్’ అన్న హెచ్చరిక కూడా పేజీ కోడ్‌లోనే ఉంటుంది కనుక, ఒక్కోసారి ఎత్తుకుపోయిన వ్యాసం అడుగున అదీ కనిపిస్తుంది.

ఇబ్బందంతా పాఠకులకే. పులిహోర కొలతలు వాట్సాప్‌లో పంపాలన్నా, తెలియని మాటను ఆంధ్రభారతి నిఘంటువులో వెతకాలన్నా కుదరదు. చూపు తక్కువై, సెలెక్ట్ చేసి ఫోన్‌తో చదివించుకునేవారికి ఇది మరీ అన్యాయం. వ్యాసాల సైటుకు ఈ ప్లగిన్ వద్దు.

దానికి బదులు సెట్టింగ్స్‌లో రీడింగ్ తెరిచి, ఫీడ్‌లో పూర్తి పాఠం కాకుండా ‘ఎక్సెర్ప్ట్’ (చిన్న భాగం మాత్రమే) ఎంచుకోండి. వ్యాసం నడుమ మీ పాత పోస్టులకు పూర్తి అడ్రస్‌తో లింకులివ్వండి. బాట్ వాటిని కూడా మోసుకుపోతుంది. వంట ఫొటోకు వాటర్‌మార్క్ (మీ పేరు ముద్ర) మూలన వేస్తే కత్తిరించేస్తారు, వంటకం మీదుగా పలచగా వేయాలి. సైటుకు ముందు రక్షణగా పెట్టుకునే క్లౌడ్‌ఫ్లేర్ సేవలోని హాట్‌లింక్ ప్రొటెక్షన్ మీ సర్వర్ నుంచే బొమ్మను వాడుకునేవాళ్లను ఆపుతుంది, డౌన్‌లోడ్ చేసుకుని మళ్లీ ఎక్కించేవాళ్లను కాదు. పోస్టు వేసిన రోజే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఇండెక్సింగ్ (వెతుకులాటలో చేర్చడం) అడిగి, పేజీల పాత ప్రతులను దాచే వేబ్యాక్ మెషీన్ సైటులో సేవ్ చేస్తే తేదీకి సాక్ష్యం ఉంటుంది.

కాపీ దొరికాక మీ పేజీ, కాపీ పేజీ అడ్రస్‌లు, స్క్రీన్‌షాట్లు జతచేసి, కాపీ చేసిన సైటును తన సర్వర్‌లో ఉంచే హోస్టింగ్ కంపెనీకి, గూగుల్ కాపీరైట్ ఫారంలోనూ ఫిర్యాదు పెట్టాలి. మన దేశంలో కాపీరైట్ రూల్స్ 2013లోని 75వ నిబంధన ప్రకారం, రాతపూర్వక ఫిర్యాదు సరైనదని తేలితే మధ్యవర్తి సంస్థ (ఆ కాపీని ఇతరులకు అందిస్తున్న కంపెనీ) 36 గంటల్లో ఆ పేజీ అందకుండా చేయాలి. అయితే అది 21 రోజులకే. ఆలోగా కోర్టు ఉత్తర్వు చూపకపోతే మళ్లీ తెరవొచ్చు, కాబట్టి ఫిర్యాదు అందిన రోజు నుంచే లెక్క పెట్టుకోండి.