మోడ్‌బస్ టీసీపీ: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మా ప్లాంట్‌లో ఎనర్జీ మీటర్లు, వీఎఫ్‌డీలు (మోటార్ స్పీడ్ మార్చే డ్రైవ్‌లు), చిల్లర్ల డేటా అంతా స్కాడాకి (ప్లాంట్‌ని స్క్రీన్ మీద చూపించే సాఫ్ట్‌వేర్‌కి) వచ్చేది మోడ్‌బస్ టీసీపీ మీదే, అంటే మెషిన్లు నెట్‌వర్క్ మీద డేటా ఇచ్చిపుచ్చుకునే ప్రోటోకాల్. చాలా ఏళ్లుగా దీంతోనే పని, మధ్యలో ప్రొఫినెట్ (ఇలాంటిదే ఇంకో ప్రోటోకాల్) కూడా బాగానే వాడాను, అయినా మీటర్లకి ఏ ప్రోటోకాల్ తీసుకోమంటారని ఎవరైనా అడిగితే ఇప్పటికీ దీని పేరే చెప్తా.

ఎందుకంటే ఇందులో దాపరికం ఏం లేదు. 1979లో మోడికాన్ వాళ్లు సీరియల్ లైన్ కోసం చేసిందే తర్వాత టీసీపీ మీదకి వచ్చింది, స్పెసిఫికేషన్ ఫ్రీగా దొరుకుతుంది. వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాని చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టి మోడ్‌బస్ వాడే పోర్ట్ 502 చూస్తే మనం ఏ రిజిస్టర్ (డివైస్‌లో విలువ ఉండే గడి) అడిగాం, అటునుంచి ఏం వచ్చింది అంతా కనబడిపోతుంది. ప్రొఫినెట్‌లో అయితే జీఎస్‌డీ ఫైల్ (డివైస్ వివరాలు ఉండే ఫైల్) కుదరాలి, టోపాలజీ (ఏది దేనికి కలిసిందో) ముందే కాన్ఫిగర్ చేసి పెట్టకపోతే డ్రైవ్ మార్చిన ప్రతిసారీ డివైస్ నేమ్ ఇవ్వాలి, రాత్రి షిఫ్ట్‌లో ఎలక్ట్రీషియన్ ఒక్కడే ఉంటే ఇది చాలా ఇబ్బంది.

ఇక తలనొప్పి అంతా డేటాని అర్థం చేసుకోవడం దగ్గరే. రిజిస్టర్ అంటే 16 బిట్లే, ఫ్లోట్ (దశాంశ) విలువకి రెండు రిజిస్టర్లు కావాలి, ఏది ముందు అనేది కంపెనీని బట్టి మారుతుంది. 230.0 వోల్ట్లు అంటే రెండు రిజిస్టర్లలో 17254, 0 రావాలి, ఆ రెండూ తారుమారైతే స్క్రీన్ మీద 0.00 కనబడుతుంది, కమ్యూనికేషన్ మాత్రం పచ్చగా హెల్దీ అని చూపిస్తూనే ఉంటుంది! మాన్యువల్‌లో 40001 అని రాసింది లైన్ మీద 0 అయి వెళ్తుంది, అది సరిచూసుకోకపోతే ఒక అడ్రస్ పక్కకి జరిగి పక్క విలువ వస్తుంది.

గేట్‌వే (సీరియల్ లైన్‌ని నెట్‌వర్క్‌కి కలిపే పెట్టె) పెట్టి ఆర్ఎస్485 సీరియల్ లైన్ మీటర్లు కలిపేవాళ్లు ఇంకోటి చూసుకోండి. ఒక్క మీటర్‌కి సప్లై పోయినా దాని టైమౌట్ (జవాబు కోసం ఆగే సమయం), రిట్రైలు (మళ్లీ మళ్లీ అడగడం) అయ్యేదాకా ఆ లైన్‌లో మిగతావన్నీ ఆగుతాయి, ట్రెండ్ గ్రాఫ్‌లో మెట్లు మెట్లుగా వస్తుంది. టైమౌట్ తగ్గించి, రిట్రై ఒకటే పెట్టి, పక్కపక్క రిజిస్టర్లు ఒకే రిక్వెస్ట్‌లో చదివితే (125 వరకు వస్తాయి) చాలా తేడా ఉంటుంది, నేను ఏ సైట్‌కి వెళ్లినా మొదట చేసేది ఇదే.

సర్వోలకి (కచ్చితమైన పొజిషన్‌కి కదిలే మోటార్లకి) దీన్ని అస్సలు వాడొద్దు, అక్కడ ఈథర్‌క్యాట్ లాంటి వేగమైన ప్రోటోకాల్‌లే కావాలి. సెక్యూరిటీ కూడా లేదు, పాస్‌వర్డ్ అడగదు, నెట్‌వర్క్‌లోకి వచ్చిన ఎవరైనా డ్రైవ్ స్పీడ్ రాసేయొచ్చు. టీఎల్‌ఎస్‌ (ఎన్‌క్రిప్షన్) తో పోర్ట్ 802 వెర్షన్ ఉంది కానీ నా చేతికొచ్చిన మీటర్లలో ఒక్కదాంట్లో కూడా చూడలేదు. అందుకే విడిగా వీల్యాన్ (వేరు చేసిన నెట్‌వర్క్ భాగం), మధ్యలో ఫైర్‌వాల్ తప్పనిసరి, ఆఫీస్ వైఫై నుంచి 502 ఓపెన్ అయితే ఆ రోజే మూయించండి.

కొనేముందు మాత్రం పీఓలోనే (కొనుగోలు ఆర్డర్‌లోనే) రిజిస్టర్ మ్యాప్ (ఏ విలువ ఏ రిజిస్టర్‌లో ఉందో), వర్డ్ ఆర్డర్ (రెండు రిజిస్టర్లలో ఏది ముందో) రాతపూర్వకంగా అడగండి, మెటీరియల్ వచ్చాక అడిగితే ఎవరూ ఫోన్ ఎత్తరు.