చివరి వరస నుంచి చూస్తే: మా అమలాపురం రన్నింగ్ క్లబ్బు, నాలుగేళ్ల తరవాత

కొత్త సీజను ప్లాను మొన్న ఆదివారం మా గ్రూపులో పెట్టారు. అప్పట్నించీ షాపుకి మందులకొచ్చినవాళ్లలో నలుగురైదుగురు "మేడంగారూ, మమ్మల్ని కూడా చేరమంటారా?" అని అడిగారు. మాత్రలు కత్తిరించి ఇస్తూ ముక్కలుముక్కలుగా చెప్పేకంటే ఒకేసారి రాసేయడం నయమనిపించింది.

నేను చేరింది 2021 నవంబరులో. అప్పుడు నాకు నలభై. షుగరు ఇంకా రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చి కూర్చుంది. రోజంతా కౌంటరు వెనక నిలబడే పని, సాయంత్రానికి పాదాలు రాళ్లయిపోయేవి. ఇప్పటికి మూడు హాఫ్ మారథాన్లు (ఒక్కోటీ 21.1 కిలోమీటర్ల పరుగు) పూర్తి చేశాను. షుగరు గుమ్మం దాటలేదు. అయినా గ్రూపులో ఇప్పటికీ చివరి నలుగురిలో ఒకదాన్ని. ముందు పరిగెత్తేవాళ్లు రాస్తే ఈ క్లబ్బు ఇంకోలా కనిపిస్తుందేమో.

చేరడానికి ఏడాదికి వెయ్యి రూపాయలు. ఒక టీషర్టు, ఒక ఈల ఇస్తారు. మంగళ, గురువారాలు మామూలు పరుగు, శనివారం గ్రౌండులో స్పీడు, ఆదివారం లాంగ్ రన్. ఎర్రవంతెన దగ్గర తెల్లవారుజామున 4:50కి కలుస్తాం, ఎండాకాలం ఇంకో అరగంట ముందే. ఐదు నిమిషాలు చూసి బయల్దేరిపోతారు, ఎంత పెద్ద ఆఫీసరు కోసమైనా సరే. ఇది నాకు నచ్చిన విషయాల్లో ఒకటి.

మొదటి రోజు చుడీదారు, మా అబ్బాయి పాత స్కూలు షూసు వేసుకుని వెళ్లాను. క్లబ్బు నడిపేది ఒక రిటైర్డ్ పీఈటీ మాస్టారు. నన్ను ఎగాదిగా చూసి, "ఇవాళ పరుగు లేదమ్మా. కబుర్లు చెప్పుకుంటూ వెళ్లి రండి. మాట తడబడిందా, నడక్కి దిగిపోండి" అన్నారు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. అలా ఎనిమిది వారాలు. పక్కనుంచి కుర్రాళ్లు రయ్యిమని పోతుంటే చిన్నతనంగా ఉండేది. కానీ మాట్లాడగలిగినంత నెమ్మదిగా పరిగెడితేనే గుండె, కండరాలు, కీళ్లు ఒకదానికొకటి అందుకుంటాయి. ఊపిరి ఒక నెలలో తేరుకుంటుంది, ఎముకలకీ స్నాయువులకీ అంతకు చాలా ఎక్కువ కాలం పడుతుంది. నాతోపాటు అదే వారం చేరిన ఒక తమ్ముడు ఆ మాట వినలేదు. మూడో వారానికే పిక్క ఎముక ముందు భాగం నొప్పితో మా షాపుకి ఆయింట్‌మెంట్ కోసం వచ్చాడు. ఆయింట్‌మెంట్ ఇచ్చాను, అది పని చేయదని కూడా చెప్పాను.

ఇక నన్ను ఈ క్లబ్బులో నిలబెట్టిన నియమం ఒకటుంది. చివరి మనిషి వెనక మన మనిషి ఒకరుండాలి. ప్రతి పరుగులోనూ ఒక సీనియరు టార్చిలైటు పట్టుకుని అందరికన్నా వెనక వస్తారు. ఎవరు ఎంత నెమ్మదిగా వెళ్లినా ఆయన ఇంకా నెమ్మదిగా వెళ్లాలి. చీకట్లో కాలవ గట్టు మీద ఆడవాళ్లు పరిగెత్తాలంటే మా ఊళ్లో ముందు ఇంట్లోవాళ్లు అడిగేది అదే, "వెనక ఎవరుంటారు?" అని. మా అత్తగారు కూడా అదే అడిగారు. జవాబు ఉంది కాబట్టే పంపారు.

ఈ నియమం ఒకసారి తప్పింది. 2023 డిసెంబరు, మంచు దట్టంగా పట్టిన ఆదివారం. ఆ రోజు వెనక రావాల్సినాయన పెద్ద రేసుకి తయారవుతున్నాడు, కాసేపు ముందు బ్యాచ్‌తో వెళ్లి వస్తానని వెళ్లిపోయాడు. నేనూ, కలెక్టరేట్లో పనిచేసే ఇంకో అమ్మాయీ మిగిలాం. పది అడుగుల అవతల ఏముందో కనపడదు. కుక్కలు అరుస్తున్నాయి గానీ ఎటునుంచో తెలీదు. రోడ్డు అంచున కాలు మడతపడి కూలబడ్డాను. ఈలలు ఊదాం. ఎవరూ రాలేదు. అరగంట తరవాత ఫోను మోగింది, ఆశగా తీసి చూస్తే గ్రూపులో పెసరట్టు ఉప్మా ఫోటో. కింద పది మంది చప్పట్లు. నేనింకా రోడ్డు పక్కన మడమ పట్టుకుని కూర్చునే ఉన్నాను. పాలు పోసే అబ్బాయి బండి మీద ఇంటి దగ్గర దింపాడు.

ఆరు వారాలు పరుగు లేదు. మాస్టారు ఇంటికొచ్చి, "తప్పు నాదమ్మా" అన్నారు. మళ్లీ క్లబ్బుకి వెళ్లడానికి నాకు ఆ మాట చాలింది గానీ దాన్ని మర్చిపోలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ తరవాత తలలు లెక్కపెట్టి బయల్దేరడం, తిరిగొచ్చాక మళ్లీ లెక్కపెట్టడం మొదలైంది. లెక్క సరిపోయేదాకా ఎవరూ టిఫినుకి కదలరు. ఇప్పటిదాకా తప్పలేదు.

ఇప్పుడు మన నేల గురించి. కోనసీమలో పరిగెత్తడం ఒక విధంగా సుఖం, ఇంకో విధంగా మోసం. నది తెచ్చి పోసిన ఒండ్రు నేల, అరిచెయ్యిలా చదునుగా ఉంటుంది. ఇక్కడ రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తినవాళ్లు వైజాగ్ బీచ్ రోడ్డుకో, హైదరాబాదుకో వెళ్తే మొదటి ఎత్తులోనే తొడలు పట్టేస్తాయి. మనకి కొండల్లేవు. ఎత్తు అంటే వంతెనే. అందుకే నెలకోసారి బళ్ల మీద బోడసకుర్రు వెళ్లి గోదావరి పాయ వైనతేయ మీది వంతెన ఎక్కుతాం, దిగుతాం, మళ్లీ ఎక్కుతాం. ఒడ్డున చేపల వలలు సర్దుకునేవాళ్లు మొదట్లో "ఏం పోగొట్టుకున్నారండీ?" అని అడిగేవాళ్లు. ఒక పెద్దాయన అక్కడికి వెళ్లినప్పుడల్లా 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి పేలి ఎగసిన బ్లోఅవుట్ మంట గురించి చెబుతారు. రెండు నెలలకి పైగా మండింది, రాత్రిళ్లు దీపం అక్కర్లేదనిపించేదట. ఆ కథ వింటూ వింటూ రెండు రౌండ్లు అయిపోతాయి, అది కూడా ఒక రకం కోచింగే.

హైదరాబాదు రేసుకి ముందు మాత్రం ఎదుర్లంక వంతెన మీదకి తీసుకెళ్లారు. యానాం వైపు గౌతమిని దాటే ఆ వారధికి మన అమలాపురం ఎంపీగా ఉండి లోక్‌సభ స్పీకరైన బాలయోగి గారి పేరుంది. 2024 ఆగస్టులో హైదరాబాదు హాఫ్ మారథాన్ ముగిసింది గచ్చిబౌలి స్టేడియంలో. దానికీ ఆయన పేరే. ఫ్లైఓవర్లన్నీ ఎక్కి దిగి, ఆ గేటులోకి వస్తుంటే మా వాడొకడు "మేడంగారూ, మన ఊరు వచ్చేసింది, ఇంకేం పర్లేదు" అని అరిచాడు. 21.1 కిలోమీటర్లకి నాకు 2 గంటల 41 నిమిషాలు పట్టింది. మెడల్ షాపులో దేవుడి పటం పక్కన వేలాడుతోంది. (అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు కాబట్టి, రేసుకి ముందు రాత్రి ట్రావెల్స్ బస్సులో వెళ్లద్దు. కాళ్లు వాచిపోతాయి. ఒక రోజు ముందే చేరండి.)

ఉక్క గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మన దగ్గర ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎండ కన్నా గాలిలో తేమ దెబ్బ తీస్తుంది. చెమట పడుతుంది, ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. శరీరం వేడికి అలవాటు పడడానికి పది పధ్నాలుగు రోజులు పడుతుంది, అన్నాళ్లూ వేగం తగ్గించుకోవాలి. మా క్లబ్బు దీన్ని బాగానే చూస్తుంది. కాకపోతే కొబ్బరి నీళ్ల దగ్గర నాకూ వాళ్లకీ పెద్ద గొడవే అయింది. కోనసీమలో ఉండి కొబ్బరిబోండాన్ని తక్కువ చేస్తే ఊరుకుంటారా? కానీ నిజం ఏమిటంటే బోండంలో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం తక్కువ. చెమటలో ఎక్కువ పోయేది సోడియం. రెండు గంటలు పరిగెత్తి బోండాల మీద బోండాలు తాగినా కళ్లు తిరుగుతున్నాయంటే కారణం అదే కావచ్చు. చిటికెడు ఉప్పు వేసుకోమంటే మొదట నవ్వారు. ఇప్పుడు బోండాలు కొట్టే ఆయనే ఉప్పు పొట్లం పెట్టుకుంటున్నాడు.

ఓఆర్ఎస్ సంగతీ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్యాకెట్ 20.5 గ్రాములు, లీటరు నీళ్లకి. గ్లాసుడు నీళ్లలో మొత్తం ఒంపేసి తాగేవాళ్లని రోజూ చూస్తుంటాను. అలా తాగితే ఉప్పు, చక్కెర మోతాదు మించిపోతాయి. అసలు ఐదు కిలోమీటర్లకి ఏ ప్యాకెట్టూ అక్కర్లేదు, ఇంటికెళ్లి ఉప్పేసిన మజ్జిగ తాగండి. నా వ్యాపారానికి నష్టమే, ఏం చేస్తాం.

దార్ల గురించి. సార్వా కోతలప్పుడూ దాళ్వా కోతలప్పుడూ రోడ్డు సగం ధాన్యం ఆరబోసి ఉంటుంది. అంచు పట్టుకుని నడవాలి, తొక్కితే ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. వానాకాలం గట్టు బురద. హైవే మీద లారీలు. 2022 జూలై వరదల్లో మూడు వారాలు పరుగే లేదు. లంక ఊళ్లు మునిగితే పొద్దున్నే లేచే అలవాటున్న కాళ్లు పాల ప్యాకెట్లు, మంచినీళ్ల డబ్బాలు మోశాయి. క్లబ్బులో కొంతమందితో నాకు నిజంగా స్నేహం కుదిరింది అప్పుడే.

నచ్చనివీ ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో అమలాపురం జిల్లా కేంద్రమయ్యాక బదిలీల మీద వచ్చినవాళ్లు చాలామంది చేరారు, సంతోషమే. కానీ వాళ్లతోపాటు వాచీలూ వచ్చాయి. పరుగు ఆపగానే ఎవరూ మొహం తుడుచుకోరు, వాచీ నొక్కుతారు. గ్రూపులో పొద్దున్నే ఎవరి పేస్ ఎంతో, అంటే కిలోమీటరుకి ఎన్ని నిమిషాలో, స్క్రీన్‌షాట్లు. కొత్తగా వచ్చిన ఒకావిడ నా పక్కనే పరిగెడుతూ, "నా స్పీడు చెబితే నవ్వుతారేమోనండీ" అంది. పదిహేను రోజుల తరవాత మానేసింది. ప్రకటించినవాటిలో సగం జరగవు, అది ఇంకో జబ్బు. ఓడలరేవు బీచ్ రన్ అని రెండేళ్లుగా వింటున్నాను, ఇసుక రేణువు కూడా తొక్కలేదు. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి, బాత్రూముకీ ఏ ఏర్పాటూ లేదు. గట్టిగా అడిగితే "చూద్దామమ్మా" అంటారు.

ఇప్పుడు కొత్త ప్లాను. దసరా తరవాత కొత్తవాళ్ల బ్యాచ్ మొదలవుతుంది, పది వారాలు, ఆఖర్న ఐదు కిలోమీటర్లు. చేరాలనుకునేవాళ్లు దీనిలోనే చేరండి, మధ్యలో వచ్చి పాతవాళ్లతో కలవద్దు. షూసు కొనేటప్పుడు బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండేలా చూసుకోండి. ఊళ్లో దొరికే రకాలు తక్కువ, కాకినాడో రాజమండ్రో వెళ్లి తొడిగి చూసి కొంటే మంచిది.

ఒక శనివారం డాక్టరుగారు వచ్చి సీపీఆర్, అంటే గుండె ఆగిపోయినవాళ్లకి ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టే పద్ధతి, నేర్పుతారు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ మధ్యలో ఐదు సెంటీమీటర్ల లోతుకి నొక్కడం, 108కి ఎవరు ఫోను చేయాలి, అన్నీ బొమ్మ మీద చేయిస్తారు. పరిగెత్తనివాళ్లు కూడా రావచ్చు, ఉచితం. ప్లాను మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

చలికాలంలో వైజాగ్ నేవీ మారథాన్‌కి ఒక జట్టు వెళ్తుంది. భోగి రోజు తెల్లవారుజామున టైమింగ్ లేని పరుగు ఉంటుంది, మంట దగ్గర ముగుస్తుంది. వాచీలు ఇంట్లో పెట్టి రావాలని రాశారు, ఎవరు రాయించారో నాకు తెలుసు. కనుమ రోజు ఏమీ లేదు, ఊరంతా జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఉంటుంది కదా. లాంగ్ రన్‌లలో అంబాజీపేట పొట్టిక్కల పరుగు మళ్లీ వేశారు. పనసాకు బుట్టల్లో ఉడికిన వేడివేడి పొట్టిక్కలు తిని, తిరుగు ప్రయాణం ఆటోలో. దాన్ని పరుగు అనొచ్చా అని కుర్రాళ్లు వెక్కిరిస్తారు గానీ ఆ రోజు హాజరు ఎప్పుడూ ఎక్కువే.

ప్లానులో ఒక మార్పు దగ్గర మాత్రం నేను మాస్టారితో వాదించాను. నెమ్మది బ్యాచ్‌ని రెండు వారాలకోసారి చేసి, మిగతా ఆదివారాలు పేస్ గ్రూపులు పెడదామని మొదట అనుకున్నారు. సీనియర్లకి రేసులున్నాయి, వెనక రావడానికి మనిషి దొరకడం లేదు అన్నారు. "మనిషి దొరక్కపోతే నేను వస్తా" అన్నాను. ఆయన ఒక నిమిషం ఊరుకుని, "నువ్వే చివర పరిగెత్తుతావు కదమ్మా, నీ వెనక ఎవరు?" అన్నారు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఆఖరికి నెమ్మది బ్యాచ్ ప్రతి ఆదివారం ఉండేలా, వెనక డ్యూటీ వంతులవారీగా వేసేలా ఒప్పుకున్నారు. సంతకాల కాగితంలో ఇప్పటికి పదకొండు పేర్లున్నాయి. అందులో ముందు బ్యాచ్‌వాళ్లవి మూడే.

వచ్చే ఆదివారం బోడసకుర్రు వంతెన. బళ్లు ఎర్రవంతెన దగ్గర సరిగ్గా 4:30కి బయల్దేరతాయి. టార్చి, నీళ్లు, తుడుచుకోవడానికి తువ్వాలు తెచ్చుకోండి. చూద్దామనుకునేవాళ్లు ఆ రోజు డబ్బు కట్టకుండా రావచ్చు. వెనక డ్యూటీ నాది.