లారీ బేకర్ గోడ కట్టిన మా చీపురుపల్లి తాపీ మేస్త్రి

చీపురుపల్లి పక్క ఊళ్లో రెండు గదులు, ఒక వరండాతో ఇల్లు కట్టించాను. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూశాక మేస్త్రి పనితనం గురించి రాస్తున్నాను.

నేను కోరుకున్నది లారీ బేకర్ గోడ. 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, మన దేశానికొచ్చి ఇక్కడివాడైపోయి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూసిన ఆర్కిటెక్టు. అక్కడి తంపానూరులో ఆయన కట్టిన ఇండియన్ కాఫీ హౌస్‌లో ఒకసారి కాఫీ తాగాను. ఎర్ర ఇటుకల గుండ్రటి కట్టడం, మెలి తిరుగుతూ పైకెళ్లే వాలు, గోడ సందుల్లోంచి వచ్చే గాలి. కడితే ఇలాంటిదే కట్టాలని అప్పుడే అనుకున్నాను.

ర్యాట్ ట్రాప్ బాండ్ అనే ఈ పద్ధతిలో ఇటుకను పడుకోబెట్టరు, అంచు మీద నిలబెడతారు. గోడ మధ్యలో ఖాళీ మిగులుతుంది. అందులోని గాలి ఎండ వేడిని అడ్డుకుంటుంది, ఇటుక దాదాపు నాలుగోవంతు ఆదా. ఇద్దరు మేస్త్రులు "గోడ డొల్లయిపోద్దమ్మా" అని వెళ్లిపోయారు. ఈయన వెళ్లలేదు. ఇరవై ఇటుకలు నేల మీద ఉత్తినే పేర్చి, విప్పి, మళ్లీ పేర్చి, మూల ఎలా తిప్పాలో తేల్చుకున్నాకే పని ఒప్పుకున్నారు. అంత ఓపిక నేనెక్కడా చూడలేదు. మే నెల మధ్యాహ్నం మా అమ్మ ఆ గదిలోనే నిద్రపోతుంది.

లోపాలూ చెప్పాలి. ప్లాస్టరింగ్ లేని గోడ కదా, పడమటి వైపు అతుకులు నింపడంలో కుర్రాళ్లు తొందరపడ్డారు. అక్టోబరు వానకి చెమ్మ దిగి టెన్షన్ పడ్డాను. కబురు పెడితే మేస్త్రి మర్నాడే వచ్చి, అతుకులు గీకి, కొత్త మాలుతో నింపారు. కూలి తీసుకోలేదు. కరెంటు పైపులు ఎక్కడెక్కడో ముందే అనుకోకపోవడం మాత్రం నా తప్పు. తర్వాత గోడ కొట్టాల్సి వచ్చింది. మీరు కట్టిస్తే ఆ లెక్క మొదటి వరస కన్నా ముందే తేల్చుకోండి.

మార్చి 2 బేకర్ పుట్టినరోజు. ఈ ఏడు ఆ రోజు మేస్త్రికీ ఆయన జట్టుకీ భోజనం పెట్టి, కాఫీ హౌస్ ఫొటో చూపించాను. ఆయన చాలాసేపు చూశారు.

"మా తాత చుట్టిళ్లు కట్టేవోడమ్మా. నడిమధ్య మేకు దించి, తాడుతో గుండ్రంగా గీత గీసేవోడు. ఈయన మేకు ఎక్కడ దించుంటారో?"