ఫోనో ప్రీఆంప్: చిప్‌తో కట్టాలా, వాల్వుతో కట్టాలా, రెడీమేడ్ కొనాలా?

కొత్తగా రికార్డు ప్లేయర్ కొన్నవాళ్లకైనా, అటక మీది పాతది దించి తుడుచుకున్నవాళ్లకైనా మొదట ఎదురయ్యే చిక్కు ఒకటే. నేరుగా ఆంప్లిఫయర్‌కు కలిపితే పాట దోమ గొంతులా సన్నగా వినిపిస్తుంది. మధ్యలో ఫోనో ప్రీఆంప్, అంటే ప్లేయర్ ఇచ్చే సన్నటి సిగ్నల్‌ను పెంచి ఆంప్లిఫయర్‌కు అందించే చిన్న సర్క్యూట్ ఉండాలి. నల్లగొండలోనో పాలమూరులోనో ఉండి దాన్ని సమకూర్చుకోవడానికి మూడు దారులున్నాయి: ఇరవై ముప్పై రూపాయల చిప్‌తో కట్టుకోవడం, వాల్వుతో (పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టం లాంటిది) కట్టుకోవడం, రెడీమేడ్ డబ్బా ఆర్డర్ పెట్టడం. నా ఓటు చిప్‌కే. ధ్వని బాగుంటుందని కాదు, మన ఊళ్ల కరెంటును చూసి చెబుతున్న మాట ఇది.

అసలు ప్రీఆంప్ అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. పాత రేడియో మెకానిక్‌ల దగ్గరికి పోతే, "అన్నా, ముందుగాల కార్ట్రిడ్జి ఏందో చూడుండ్రి" అంటారు. కార్ట్రిడ్జి అంటే ముల్లు కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే చిన్న ముక్క. హెచ్‌ఎంవి ఫియస్టా లాంటి సూట్‌కేస్ ప్లేయర్లలో ఎక్కువగా ఉండేది క్రిస్టల్ లేదా సిరామిక్ కార్ట్రిడ్జి. అది వందల మిల్లీవోల్టులు ఇస్తుంది, దానికి ఫోనో ప్రీఆంప్ పెడితే పాట పగిలిపోతుంది. మూవింగ్ మాగ్నెట్, అంటే ఎంఎం కార్ట్రిడ్జి మామూలుగా మూడు నుంచి ఐదు మిల్లీవోల్టులే ఇస్తుంది. ఈ ముచ్చటంతా దాని గురించే. అలాగే ఆంప్లిఫయర్ వెనక 'ఫోనో' అని రాసిన సాకెట్ ఉంటే పని అక్కడితో అయిపోయినట్టే.

ప్రీఆంప్ చేసే పనులు రెండు. సిగ్నల్‌ను సుమారు వంద రెట్లు, అంటే 40 డీబీ (డెసిబెల్) పెంచడం ఒకటి. రికార్డు కోసేటప్పుడు తగ్గించిన బేస్‌ను లేపి, పెంచిన ట్రెబుల్‌ను దించడం రెండోది. 1954లో వచ్చిన ఆర్ఐఏఏ ప్రమాణం ప్రకారం ఈ దిద్దుబాటు 3180, 318, 75 మైక్రోసెకన్ల టైమ్ కాన్‌స్టంట్లతో జరుగుతుంది. 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు 17 డీబీ, అంటే ఏడు రెట్లు ఎక్కువ లేపుతుంది. మన కరెంటు కూడా సరిగ్గా 50 హెర్ట్జే! కాబట్టి లోపలికి దూరిన హమ్, అంటే కరెంటు నుంచి వచ్చే గుయ్‌మనే మోత, ఏడు వందల రెట్లు పెరిగి బయటికొస్తుంది. ఏది మేలు అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడే ఉంది. హమ్‌ను ఎవరు బాగా ఆపితే వాళ్లదే గెలుపు.

చిప్ అంటే ఎన్ఈ5532. ఒకే చిప్‌లో రెండు ఆంప్లిఫయర్లు ఉంటాయి, ఎడమకు ఒకటి, కుడికి ఒకటి. టీఎల్072 కూడా అంతే చవక. కానీ దాని సొంత సొద (నాయిస్) 5532 కన్నా మూడు రెట్లకు పైనే కాబట్టి ఈ పనికి వద్దు. నల్లగొండ షాపుల్లో చిప్ దొరికినా మంచి ఫిల్మ్ కెపాసిటర్లు దొరకడం కష్టం. హైదరాబాద్ ఎంజీబీఎస్‌లో బస్సు దిగి కోఠి గుజరాతీ గల్లీ దాకా వెళ్తే అన్నీ ఒక్క చోటే కొనుక్కోవచ్చు. రెసిస్టర్లు 1 శాతం మెటల్ ఫిల్మ్‌వి తీసుకోండి. కెపాసిటర్లు మాత్రం ఒక్కో విలువకు పది చొప్పున కొని, కెపాసిటెన్స్ చూపించే మల్టీమీటర్‌తో కొలిచి, దగ్గరగా ఉన్నవాటిని రెండు చానెళ్లకు జత కట్టాలి. ఎందుకంటే 5 శాతం తేడా ఉన్నవి అటొకటి ఇటొకటి పడితే ఎడమ, కుడి ఒకేలా పలకవు. బిళ్ల సిరామిక్ కెపాసిటర్లను బేస్, ట్రెబుల్ దిద్దుబాటు భాగంలోకి రానివ్వకండి. ఇన్‌పుట్ దగ్గర 47 కిలోఓమ్‌ల లోడ్ తప్పనిసరి.

అసలు కథ పవర్ సప్లైది. సర్క్యూట్ బొమ్మల్లో మామూలుగా కనిపించేది 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్, వోల్టేజ్‌ను 15 దగ్గర నిలకడగా పట్టి ఉంచే 7815, 7915 రెగ్యులేటర్లు. 230 వోల్టులుంటే బాగానే నడుస్తుంది. కానీ యాసంగిలో బోరు మోటార్లన్నీ ఒక్కసారి ఎక్కినప్పుడు ఊళ్లో వోల్టేజ్ 180కి పడిందనుకోండి. అప్పుడు ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ తర్వాత మిగిలేది లెక్క ప్రకారం 16 వోల్టుల లోపే. 7815కు కనీసం 17 కావాలి. అంతకన్నా తగ్గితే అది చేతులెత్తేస్తుంది, రిపుల్ (డీసీలో మిగిలిపోయిన ఏసీ అల) నేరుగా పాటలోకి వస్తుంది. మందు సులువే: అదే ట్రాన్స్‌ఫార్మర్‌కు 12 వోల్టులిచ్చే 7812, 7912 పెట్టుకోవడం. 5532కు 12 వోల్టులు హాయిగా సరిపోతాయి. ట్రాన్స్‌ఫార్మర్‌ను మాత్రం వేరే డబ్బాలో పెట్టి, ప్లేయర్‌కు దూరంగా నెట్టాలి.

ఇంకా సులువైన దారి రెండు 9 వోల్ట్ బ్యాటరీలు. చిప్ తాగే కరెంటు మామూలుగా 8 మిల్లీయాంప్‌ల దాకా ఉంటుంది కాబట్టి ఆల్కలైన్ జత నలభై గంటలైనా వస్తుంది. కరెంటు పోయినా ప్రీఆంప్‌కు టెన్షన్ లేదు, ప్లేయర్ తిరగదంతే. మొదటిసారి కట్టేవాళ్లు బ్యాటరీతోనే మొదలుపెట్టాలని నేనంటాను. హమ్ వస్తే తప్పు వైరింగ్‌లోనో ఎర్తింగ్‌లోనో ఉందని వెంటనే తేలిపోతుంది. టోన్ ఆర్మ్ (కార్ట్రిడ్జిని మోసే చెయ్యి) నుంచి వచ్చే సన్నటి ఎర్త్ వైరును ప్రీఆంప్ డబ్బా స్క్రూకు బిగించారా చూడండి, ముప్పావు వంతు కేసులు అక్కడే తేలతాయి. డబ్బాకు స్టీల్ టిఫిన్ క్యారియర్ గిన్నె చాలు, మూతతో సహా.

వాల్వు మీద మోజు నాకూ ఉంది. చీకట్లో ఆ ఎర్రటి వెలుగు ఎవరికి నచ్చదు? కానీ ఈ పనికి వాడే ఈసీసీ83 వాల్వుకి ప్లేట్ మీద 250 వోల్టుల దాకా డీసీ కావాలి. స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో ఆ ఛార్జ్ కూర్చునే ఉంటుంది, వేలు పెడితే ప్రాణం మీదికొస్తుంది. వాల్వును లోపల వేడి చేసే హీటర్‌కు ఏసీ ఇస్తే హమ్, కాబట్టి దానికీ డీసీ కావాలి. వోల్టేజ్ ఎగిరిపడే చోట రెండు సప్లైలనూ నిలకడగా ఉంచడం చిన్న పని కాదు. పాత రేడియో విప్పితే ఈ వాల్వు దొరుకుతుందనుకోకండి, వాటిలో ఉండేవి ఎక్కువగా వేరే రకాలు. ఇదివరకు హై వోల్టేజ్‌తో పని చేసినవాళ్లయితే సరే, మిగతావాళ్లకు ఇది రెండో ప్రీఆంప్ కావాలి, మొదటిది కాదు.

రెడీమేడ్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. పాట వినడమే ముఖ్యం, సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోనంటే అదే కొనుక్కోండి. చవక డబ్బాల్లోనూ చాలావాటిలో ఉండేది 5532 లాంటి ఆంప్లిఫయర్ చిప్పే. దాంతో వచ్చే ఎస్‌ఎంపీఎస్ (ఫోన్ ఛార్జర్ లాంటి) అడాప్టర్ ఒక్కోసారి సన్నగా గీపెడుతుంది, అడాప్టర్ మారిస్తే తగ్గొచ్చు.

ఒక్క సందర్భంలో మాత్రం నా ఓటు మారుతుంది. మీది ఎంసీ, అంటే మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జి అయితే అది ఇచ్చేది మామూలుగా అర మిల్లీవోల్ట్ లోపే. 60 డీబీ దాకా పెంచాలి. ఆ స్థాయిలో 5532 సొంత సొద పాట వెనక బుసలా వినబడుతుంది, హమ్‌ను ఆపడమూ పది రెట్లు కష్టం. అంత ఖరీదైన కార్ట్రిడ్జి కొన్నవాళ్లు ఎంసీ స్విచ్ ఉన్న మంచి రెడీమేడ్ తీసుకోవడమే మేలు.