అల్ ఫారాబీ ‘ఆదర్శ నగరం’, వాల్జర్ ఇంగ్లీష్ అనువాదం: 5కి 4

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది, 400 చెప్తే బేరమాడి 350కి తెచ్చుకున్నా. అరబిక్ పేరు అల్ మదీనా అల్ ఫాదిలా, రిచర్డ్ వాల్జర్ అనువాదం, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 1985లో వేసింది. ఒక పేజీ అరబిక్, ఎదురు పేజీ ఇంగ్లీష్. ఎదురింటి చాచాకి చూపిస్తే అరబిక్ వైపు వేలు పెట్టి చదివి, మదీనా అంటే పట్నమే బేటా అన్నారు, నేను ఇన్నాళ్లూ అది ఆ ఒక్క ఊరి పేరే అనుకున్నా.

ఫారాబీ 10వ శతాబ్దం తత్వవేత్త, గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తర్వాత ఈయన్నే రెండో గురువు అన్నారు. ముందు భాగమంతా దేవుడు, గ్రహాలు, ఆత్మ, కొంచెం ఓపిక పట్టాలి, ఊరి సంగతికి వచ్చాక మాత్రం కింద పెట్టలేం. మంచి ఊరు ఆరోగ్యంగా ఉన్న ఒళ్లు లాంటిది, గుండె పాలకుడు, మిగతావన్నీ ఒకదానికొకటి సాయం, కాకపోతే ఒంట్లో అవయవాలు వాటంతటవే పనిచేస్తాయి, ఊళ్లో మనుషులు ఇష్టపడి చెయ్యాలి అంటాడు. ఈ ఒక్క ముక్క దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయా.

పాలకుడికి 12 గుణాలు ఉండాలట, జ్ఞాపకశక్తి, నిజం మీద ఇష్టం, డబ్బంటే లెక్కలేకపోవడం, న్యాయం, ఇలా. అన్నీ ఒక్కడిలో దొరకడం కష్టమని ఆయనే ఒప్పుకుంటాడు, అప్పుడు తక్కువ షరతులతో ఇంకొకడు, అదీ కుదరకపోతే ఇద్దరు, లేదా కొందరు కలిసి నడపాలి, కానీ వాళ్లలో జ్ఞాని ఒక్కడూ లేకపోతే ఆ ఊరు నిలవదు. దొరకలేదు కదా అని ఊరిని గాలికి వదిలెయ్యలేదు చూడండి, అందుకే నాకీయన అంత నచ్చాడు.

చెడ్డ ఊళ్లలో తెలియక చెడినవి ఉన్నాయి, డబ్బు కోసమే, పేరు కోసమే, పెత్తనం కోసమే బతికేవి. ఇంకోటి ఫాసిఖా, మంచేదో అంతా తెలుసు, నమ్ముతారు కూడా, నడిచేది మాత్రం తెలియనివాళ్లలాగే. అది చదువుతుంటే గుండెల్లో గుచ్చుకుంది.

స్టార్ ఎందుకు తగ్గించానంటే, వాల్జర్ నోట్స్ ప్రతి మాట వెనకా గ్రీకు మూలం వెతుకుతూ పోతాయి, ఫారాబీ సొంత ఆలోచన ఎక్కడుందో మనమే పట్టుకోవాలి. ముందు నోట్స్ వదిలేసి అసలు పాఠం చదవండి. నా కాపీకి అట్ట ఊడొచ్చింది, ఫెవికాల్ పెట్టి అతికించా. ఇప్పుడది చాచా దగ్గరుంది, రోజుకో పేజీ చదువుతున్నారు, సాయంత్రం నేను ఇంగ్లీష్ వైపు అర్థం చెప్తే తలూపుతారు, ఒక్కోచోట కాదు కాదు అని ఆపేస్తారు.